దేవరుప్పుల కథ, చూసినవారి తీర్పు

దేవరుప్పుల మండలం జనగామ నుంచి సూర్యాపేటకు పోయే దారిలో ఉంది. నిజాం పాలనలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. తర్వాత అది వరంగల్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న జనగామ విడి జిల్లా అయింది. ఈ మండలంలోని కామారెడ్డిగూడెం, కడవెండి అనే రెండు ఊళ్లు తెలుగు నాటకానికీ సినిమాకూ ఎనభై ఏళ్లుగా కథావస్తువు ఇస్తున్నాయి. తమ ఊళ్లో జరిగినదాన్ని పరాయివాళ్లు ఆడి చూపిస్తే చూడటం, చూసి అది నిజమో కాదో తేల్చుకోవడం చాలా పల్లెలకు ఎదురుకాని పని. సినిమా గురించి మాట్లాడటమంటే హీరో గురించో పాటల గురించో మాట్లాడటమే అయిన కాలంలో కూడా ఇక్కడి ప్రేక్షకుడి దగ్గర ఇంకో కొలత ఉంది. కథలోని మనుషుల సమాధి, స్తూపం అతని ఊరి దారిలోనే ఉన్నాయి.

సినిమా రాకముందు ఈ పల్లెల్లో వినోదమంటే ఆట. చిందు కళాకారులు ఊరూరా తిరిగి రాత్రంతా యక్షగానం ఆడేవారు. కులాన్ని ఆశ్రయించి బతికే కళారూపాల్లో చిందు ఒకటి. మాదిగలకు జాంబపురాణం చెప్పడం, ఎల్లమ్మ వేషం కట్టడం వారి హక్కు, బాధ్యత కూడా. భారత, భాగవత కథలు మాత్రం ఊరంతా చూసేది. అదే విధంగా గొల్ల కురుమలకు ఒగ్గు కథ ఉంది. ఆ కళలో పేరు మోసిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంలోని లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం వాడు. ఈ ఆటలు చూసేవారికి కథ ముందే తెలుసు. కీచకుడు చస్తాడని తెలిసే కూర్చునేవారు. కాబట్టి వారు తూచేది కథను కాదు. వేషాన్ని, గొంతును, అడుగును. నచ్చితే పైసలిచ్చేవారు. కళాకారులు ఆ ఇచ్చినవారి పేరు పదిమందిలో చెప్పి పొగిడేవారు. నచ్చకపోతే లేచి ఇంటికి పోయేవారు. అంతకంటే స్పష్టమైన సమీక్ష ఏ పత్రికలోనూ రాదు.

కామారెడ్డిగూడెం కథ 1940ల మొదట్లోది. షేక్ బందగీ అనే చిన్న రైతు భూమి మీద తగాదా వచ్చింది. ఎదుటి పక్షం వెనక విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఉన్నాడు. ఉద్యమ చరిత్రకారుల లెక్క ప్రకారం ఆ దేశ్‌ముఖ్ కింద నలభై వేల ఎకరాలు, పదుల కొద్దీ ఊళ్లు ఉండేవి. అంతటివాడి మీద బందగీ కోర్టుకెక్కాడు, ఏళ్ల తరబడి నడిచాడు, గెలిచాడు. గెలిచిన తర్వాత దేశ్‌ముఖ్ మనుషులు దారి కాసి అతన్ని చంపేశారు. సమాధి రోడ్డు పక్కనే ఉంది. ఏటా అక్కడ జరిగే ఉర్సుకు హిందువులూ ముస్లింలూ వస్తారు.

కడవెండిది 1946 జూలై 4 నాటి సంగతి. ఆ ఊరి గడిలో (దొర కోటలాంటి ఇంట్లో) దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ ఉండేది. వడ్డీలు, వెట్టి, జరిమానాల విషయంలో ఆమె పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆంధ్ర మహాసభ సంఘం ఊళ్లో గట్టిపడింది. సంఘం నాయకుల మీద దేశ్‌ముఖ్ మనుషులు దాడికి దిగారు. జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా గడి వైపు నడిచారు. గడి దగ్గర తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య అనే కురుమ యువకుడు పడిపోయాడు. అతని అన్న మల్లయ్యకు గాయమైంది. తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ మరణమే నాంది అని ఉద్యమ చరిత్రలు చెబుతాయి.

ఈ రెండు కథల్లో ముందుగా వేదిక ఎక్కింది బందగీది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకానికి ఆధారం ఆ హత్యే. 1947 ప్రాంతంలో కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి దళాలు దీన్ని ప్రధానంగా కోస్తా జిల్లాల్లో ఆడాయి. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా ముందస్తు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అందుకే ఉంది. అలాంటి చోట దేశ్‌ముఖ్‌ను వేదిక మీద నిలబెట్టే నాటకానికి అనుమతి దొరికే మాటే లేదు. దాంతో కామారెడ్డిగూడెం కథను ముందుగా చూసింది కృష్ణా, గుంటూరు రైతులు. వారిలో చాలామందికి విసునూరు ఎక్కడుందో తెలియదు; జమీందారు ఎలా ఉంటాడో మాత్రం తెలుసు. ఆ తెలిసినంత మేరకే నాటకం వారిని కదిలించింది. కొన్నాళ్లకు మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకం బాగుందా లేదా అన్నదాని మీద ప్రభుత్వం ఇచ్చిన తీర్పుగా దీన్ని చదువుకోవచ్చు.

పాలకులు ఇలాంటి తీర్పులివ్వడం అదే మొదలు కాదు. హైదరాబాద్‌లో 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టిన ధీరేన్ గంగూలీ రెండేళ్లకే, ‘రజియా బేగం’ చిత్రాన్ని ప్రదర్శించినందుకు, రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చింది. ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించే కథ అది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ మీద ఆంధ్ర జమీందార్లు భగ్గుమన్నారు. కొన్ని చోట్ల ఆ చిత్రం ఆగిపోయింది.

‘మా భూమి’ నాటకం రాసిన ఇద్దరూ సినిమాకు వెళ్లారు. 1952లో తాతినేని ప్రకాశరావు తొలిసారి దర్శకత్వం వహించిన ‘పల్లెటూరు’ వారి రచనే. నందమూరి తారక రామారావు, సావిత్రి అందులో నటించారు. ప్రజానాట్యమండలి నుంచి మిక్కిలినేని, అల్లు రామలింగయ్య లాంటి నటులు వెండితెరకు వచ్చి దశాబ్దాల పాటు నిలిచారు. అయితే ‘పల్లెటూరు’లోని ఊరు కోస్తా ఊరు. బందగీ కథతో పేరు తెచ్చుకున్న దళం సినిమాకు చేరిందే కానీ బందగీ చేరలేదు. అప్పటికి పోరాటాన్ని విరమించి ఏడాది కూడా సరిగా గడవలేదు (1951 అక్టోబరులో విరమించారు). సెన్సారు ఉన్న కాలంలో నిర్మాత ఎవరూ అలాంటి కథ మీద డబ్బు పెట్టరు.

ఈ ప్రాంతం నుంచి తెలుగు తెర ఇష్టంగా తీసుకున్నది ఒక్క పోతనను. బమ్మెర ఊరు దేవరుప్పుల పొరుగున ఉన్న పాలకుర్తి మండలంలో ఉంది. 1943లో వాహినీ వారు తీసిన ‘భక్త పోతన’లో నాగయ్య కవి పాత్ర ధరించారు. కె.వి.రెడ్డి దర్శకుడిగా పరిచయమైంది ఆ చిత్రంతోనే. 1966లో గుమ్మడి పోతనగా మళ్లీ వచ్చింది. రాజుకు కావ్యం అంకితమివ్వనని నాగలి పట్టిన కవి పాలకుర్తివాడైతే, పండించిన పంటను దొరకు ఇవ్వనని నిలబడిన చాకలి ఐలమ్మా పాలకుర్తిదే. మొదటి కథకు ఇరవై మూడేళ్లలో రెండు సినిమాలు వచ్చాయి. రెండోది చాలా కాలం ఎదురుచూసింది.

తెలంగాణ దొరను మొదట తెరకెక్కించింది తెలుగు పరిశ్రమ కాదు. హైదరాబాద్ ప్రాంతంలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1974లో ‘అంకుర్’, 1975లో ‘నిశాంత్’ తీశారు. రెండూ హిందీ సినిమాలు. మాటలు మాత్రం దక్కనీ వాసన కొట్టేవి. ‘నిశాంత్’ 1945 నాటి కథ. టీచరు భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోతే చివరికి ఊరు తిరగబడుతుంది. 1977లో మృణాల్ సేన్ తెలుగులోనే ‘ఒక ఊరి కథ’ తీశారు. బెంగాల్ నుంచి వచ్చిన మనిషి తెలంగాణ మట్టిని తెలుగులో చూపించాక, అప్పటికి మద్రాసులో ఉన్న తెలుగు పరిశ్రమ దాన్ని ఎందుకు చూడలేదన్న ప్రశ్నకు సాకు మిగల్లేదు.

1979లో తయారైన ‘మా భూమి’ సినిమాకు నాటకం పేరే పెట్టారు కానీ కథ అది కాదు. ఉర్దూ రచయిత కృష్ణ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్‌కు అదే మొదటి కథాచిత్రం. ఆయనకు తెలుగు రాదు. చిత్రీకరణ మెదక్ ప్రాంతపు పల్లెల్లో జరిగింది. త్రిపురనేని గోపీచంద్ కుమారుడు సాయిచంద్ రామయ్యగా నటించాడు. వెట్టి కుటుంబంలో పుట్టిన రామయ్య ఊరు విడిచి సూర్యాపేట, ఆపైన హైదరాబాద్ చేరతాడు. రిక్షా తొక్కుతాడు, ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మఖ్బూల్ అనే కార్మిక నాయకుడి దగ్గర చదువూ రాజకీయమూ నేర్చుకుంటాడు. ఊరికి తిరిగివచ్చి పోరాటంలో చేరతాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వస్తుంది, పారిపోయిన దొర ఆ వెనకే తిరిగివస్తాడు.

దేవరుప్పుల వాడు ఈ సినిమాను ఏ కొలతతో చూడాలి? బందగీ పేరు లేదు, కడవెండి పేరు లేదు. అయినా ఆ రెండు కథల సారం ఇందులో ఉంది. దొర హిందువు. అతనికి ఎదురు నిలవడం నేర్పిన మనిషి ముస్లిం. దొరకు నిజాం అండ ఉంది. నిజాం పోయాక సైన్యం అండ దొరికింది. మత రేఖ మీద నడవని కథ ఇది. కామారెడ్డిగూడెంలో జరిగిందీ మత రేఖ మీద నడవలేదు. నవల రాసినవాడు ఉర్దూ రచయిత, తీసినవాడు బెంగాలీ, డబ్బు పెట్టినవారు తెలంగాణవారు. వీరెవరూ కడవెండి పేరెత్తకుండానే ఆ ఊరి తర్కాన్ని పట్టుకోగలిగారు. తెర మీద ఊరి పేరు కనబడటం కంటే ఇది పెద్ద విషయం.

సినిమాను నిలబెట్టిన రెండో అంశం పాట. సుద్దాల హనుమంతు పశుల కాపరి పిల్లవాడి మీద రాసిన పాట ఈ చిత్రంతో ఊరూరికీ చేరింది. సుద్దాల అప్పటి జనగామ వైపు గ్రామమే. హనుమంతు పోరాట కాలంలో గొల్ల సుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి రూపాలనే వాడుకున్నాడు. ఊరు రాత్రంతా కూర్చుని చూసే ఆటల్లోకి రాజకీయం దింపడం ఆయన నేర్పు. బండి యాదగిరి రాసిన నిజాం వ్యతిరేక పాటను గద్దర్ గొంగడి కప్పుకుని తెర మీద ఆడి పాడాడు. పాటలకు స్టూడియో నునుపు లేదు. అదే మేలయింది.

‘మా భూమి’ హైదరాబాద్‌లో ఉదయం ఆటలతో ఏడాది పాటు ఆడింది. పెద్ద సినిమాకు వదిలిన తర్వాత మిగిలే వేళ ఉదయం ఆట. ఆ వేళకు పని మానుకుని వచ్చి ఏడాది పాటు హాలు నింపినవారే ఈ చిత్రానికి అసలు సమీక్షకులు. కార్లోవీ వారీ చిత్రోత్సవానికి వెళ్లింది, నంది అవార్డు వచ్చింది. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఎంపిక చేసిన వంద గొప్ప భారతీయ చిత్రాల్లోనూ ఉంది. కానీ ఉదయం ఆటల లెక్క ముందు ఇవి చిన్నవి. చాకలి ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. అంటే ఆ పోరాటాన్ని చేసిన తరం ఇంకా బతికుండగానే దాని సినిమా వచ్చింది. చారిత్రక చిత్రాలకు ఇది అరుదైన పరీక్ష. సాక్షులు హాల్లోనే కూర్చుని ఉంటారు.

‘మా భూమి’తో తెరకు వచ్చిన ఇంకొకటి మాట. తెలంగాణ మాట అప్పటిదాకా తెలుగు సినిమాలో నవ్వుల కోసం వాడే సరుకు. ఈ చిత్రంలో అందరూ అదే మాట్లాడారు. కాబట్టి అది ఎవరినీ వేరుచేయలేదు. ఇందులో తొలిసారి కనిపించిన శకుంతల పేరు ముందు ‘తెలంగాణ’ చేరింది. తర్వాతి కాలంలో పరిశ్రమ అదే గొంతును ఎక్కువగా గయ్యాళి, విలన్ పాత్రలకు వాడుకుంది. ఎక్కడి మాటను ఎవరి నోట పెడుతున్నారన్న పట్టింపు తెలంగాణ ప్రేక్షకుల అభిప్రాయాల్లో తర్వాత్తర్వాత పెద్ద పాత్ర వహించింది. తెలంగాణ ఉద్యమ కాలంలో అది బాహాటంగా వినిపించింది.

నర్సింగరావు 1988లో ‘దాసి’ తీశారు. గడి లోపల దాసీగా బతికే స్త్రీ కథ అది. అర్చనకు ఉత్తమ నటి సహా అయిదు జాతీయ పురస్కారాలు ఆ చిత్రానికి దక్కాయి. ‘మా భూమి’ గడిని బయట నుంచి, జనం వైపు నుంచి చూస్తే, ‘దాసి’ లోపలి గదుల నుంచి చూసింది. కళగా ‘దాసి’ది పైచేయి. జనాదరణలో మాత్రం పోలికే లేదు. గడి మీద జనం కోపాన్ని బాక్సాఫీసుకు తెచ్చింది దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మా’ (1997). దానికి ముందు ఆర్.నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’ (1994) లాంటి చిత్రాలు జిల్లా పట్టణాల్లో పెద్ద హీరోల సినిమాలతో సమానంగా ఆడాయి. ఇవి చరిత్ర చెప్పలేదు. పాటలూ ఆవేశమూ చెప్పాయి. గడి తలుపు ఇప్పటికీ గుర్తున్న పల్లెలకు అంత మాత్రం చాలింది.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1980లలో పల్లెల్లో టీవీ ఉన్న ఇల్లు రెండో మూడో ఉండేవి. ఆదివారం సినిమాకు వాకిలి నిండేది. అద్దె వీసీఆర్‌లు వచ్చాక పెళ్లిళ్లకూ పండుగలకూ తెల్లవార్లూ రెండు మూడు క్యాసెట్లు వేసేవారు. చిందు ఆట వేళలు అలా క్యాసెట్ పాలయ్యాయి. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక రోజువారీ సీరియల్ అలవాటయింది. ఆ సీరియళ్లలో ఇల్లు పెద్దది, చీరలు ఖరీదైనవి, మాట కోస్తాది. దేవరుప్పుల వంటి పల్లె ఆ తెరల్లో దాదాపు కనబడదు. వాటి మీద ఊళ్లో నడిచే చర్చలో కథ నిజమా అన్న ప్రశ్న అసలు రాదు, రావలసిన అవసరమూ లేదు. అవి నిజం కావని చూసేవాళ్లకు మొదటి రోజే తెలుసు.

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ పల్లె కథలకు డబ్బు దొరకడం మొదలైంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చీరల నేతకు ఆసు యంత్రం కనిపెట్టిన కథను 2019లో ‘మల్లేశం’గా తీశారు. 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ది వేరే చరిత్ర. వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ చిత్రం చావు ఇంట్లో, పిట్ట ముట్టని పిండం చుట్టూ నడుస్తుంది. అదే నెల 24న ఓటీటీలోకి వచ్చాక తెలంగాణ ఊళ్లలో కూడలిలో తెర కట్టి ఊరంతటికీ ఉచితంగా వేయడం మొదలుపెట్టారు. విడిపోయిన అన్నదమ్ములు చూసి కలిశారన్న వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. నిర్మాణ సంస్థ ఈ ప్రదర్శనలు చట్టవిరుద్ధమని పోలీసులకు ఫిర్యాదు చేసింది. చట్టం ప్రకారం ఆ ఫిర్యాదు సరైనదే. ఊరి లెక్కలో మాత్రం కూడలిలో ఆడేది ఊరందరిదీ. ఆ అలవాటు సినిమా కంటే పాతది.

‘బలగం’ చివరి ఘట్టాన్ని మోసింది వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వారు బుడగ జంగాల కథకులు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు. కుటుంబ కథను చివరికి కథకుడి నోట పలికించడం వల్ల సినిమా తన అసలు ప్రేక్షకులకు బాగా తెలిసిన రూపంలోకి మారింది. వాళ్లు ఏడ్చింది నటుల కోసం కంటే ఆ గొంతు కోసమే ఎక్కువ. సినిమాలో మిగతా భాగం, ముఖ్యంగా మొదటి సగం, ఈ ఘట్టమంత బిగువుగా లేదు. కానీ ప్రేక్షకులు దాన్ని క్షమించారు.

మరుసటి ఏడాది 2024 మార్చి 15న విడుదలైన ‘రజాకార్’కు అంత సులువైన ఆదరణ దొరకలేదు. యాటా సత్యనారాయణ దర్శకుడు, బీజేపీ నాయకుడు గూడూరు నారాయణరెడ్డి నిర్మాత. అంతకుముందు ఏడాది టీజర్ వచ్చినప్పుడే రాజకీయ వివాదం రేగింది. నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల దౌర్జన్యాలు చరిత్రలో ఉన్నవే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతకు సాక్ష్యం అవసరం లేదు. అభ్యంతరం వచ్చింది మిగిలిన సగం దగ్గర. దేశ్‌ముఖుల దోపిడీ, కమ్యూనిస్టులు నడిపిన భూపోరాటం వెనక్కి పోయి కథ మతాల మధ్య పోరుగా మిగిలిందని విమర్శకులు అన్నారు. దేవరుప్పుల మండలం నుంచి చూస్తే ఆ విమర్శకు బలం ఉంది. బందగీని చంపించింది హిందూ దేశ్‌ముఖ్. కొమరయ్య మీద తుపాకి పేలినది రజాకార్ల దాడులు ఉధృతం కావడానికి ముందు, గడి దగ్గర. ఈ రెండు సంఘటనలూ లేకుండా 1948ని వివరించే సినిమా, ఎంత ఖర్చుతో తీసినా, కామారెడ్డిగూడెంలో సగమే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అదే న్యాయంతో, రజాకార్లను పక్కనపెట్టి దొరను మాత్రమే చూపే సినిమా భైరాన్‌పల్లిలో నిలవదు.

అదే 2024లో దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. అయిదు దశాబ్దాలకు పైగా, 19 వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చినట్టు పురస్కార ప్రకటన పేర్కొంది. ఏ సినిమా నటుడూ అన్నిసార్లు ప్రేక్షకుల ముందు నిలబడి ఉండడు. క్యాసెట్లూ సీరియళ్లూ వచ్చాక కూడా ఆ ఆట ఆగలేదనడానికి ఆ లెక్కే రుజువు.

ఇప్పుడు తెలంగాణ పల్లె వెబ్ సిరీస్‌లోకి వచ్చింది. 2025 జనవరిలో వచ్చిన ‘సివరపల్లి’ హిందీ ‘పంచాయత్’కు తెలుగు రూపం. పట్నం కుర్రాడు పల్లె పంచాయతీ కార్యదర్శిగా రావడం, అయిష్టంగానే అక్కడ కుదురుకోవడం దాని కథ. మాట తెలంగాణదే, హాస్యం మెత్తనిది, నటులు సహజంగా ఉన్నారు. కానీ ఉత్తరాది ఊరి కోసం అల్లిన సన్నివేశాలను ఇక్కడికి మార్చడంలో ఈ ఊరికే ప్రత్యేకమైనది ఏదీ పెద్దగా చేరలేదు. గడి, సంఘం, వలస లాంటివి తెలంగాణ ఊరి పంచాయతీ రాజకీయాల్లో ఇంకా ఏదో రూపంలో పనిచేస్తూనే ఉంటాయి. సిరీస్ వాటి జోలికి పోలేదు. ‘మా భూమి’కి ఏడాది ఉదయం ఆటలు, ‘బలగం’కి కూడలిలో కట్టిన తెరలు ప్రేక్షకుల తీర్పును అందరికీ కనబడేలా చేశాయి. ఓటీటీలో ఏ ఊరు ఏది చూసిందో, ఎక్కడ విసుగెత్తి ఆపేసిందో ఆ సంస్థల దగ్గర నమోదవుతుంది. ఆ లెక్కల్ని అవి ఊరి వారీగా బయటపెట్టవు.